ఒక్క వైరు వేసిన రోజు

ఎనభైల చివర్లో ఒక జనవరి. పొద్దున పదకొండుకు లడాఖ్‌లోని మా పోస్టు చేరాను. పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. ఎండ ఉంది, వేడి లేదు. నాది సిగ్నల్స్ డ్యూటీ. సైన్యంలో చేరకముందు ఎలక్ట్రికల్ డిప్లొమా చేశానని కొంచెం పొగరు కూడా.

సుబేదార్ ఆర్డరు: ఎనిమిది వందల మీటర్ల పైనున్న కాపలా గుడిసెకు ఫోను లైను వేయాలి. రెండు వైర్లు, రెండున్నరలోపు. గుడిసె మీది మంచు వాలు కదిలేలా ఉంటే అక్కడి జవానును ఫోను చేసి దింపాలి. పైకెళ్తే తెలిసింది, అతనిది బాల్కొండ. మాది ఆ దగ్గర్లోనే, ఆర్మూరు. వెంటనే అన్నా అన్నాను.

నేను ఒక్క వైరే వేశాను. మా పసుపు చేను బావి దగ్గర బల్బుకు అంతే కదా! ఒక వైరు లాగి, రెండోదానికి బదులు తడి నేలలో ఇనుప కడ్డీ దింపితే వెలిగేది. కరెంటు నేలలోంచే తిరిగిపోతుంది. మంచులో అంత దూరం ఇంకోసారి ఎవడు నడుస్తాడు? రెండు కొసలా కడ్డీలు దింపి దిగొచ్చాను.

రెండున్నరకు ఫోను పిడి తిప్పాను. జవాబు లేదు. బ్యాటరీ బాగుంది. ముడులు బాగున్నాయి. కాగితం మీద కరెంటు తిరిగే లూపు గీశాను. లెక్క కుదిరింది, ఫోను మాత్రం పలకలేదు. ఊళ్లో చేసినట్టే కడ్డీ మొదట్లో ఉప్పునీళ్లు పోశాను. చూస్తుండగానే గడ్డకట్టాయి. వాలు మీంచి మంచు పొడి రాలుతోంది. అతన్ని దించమని సుబేదార్ అరుస్తున్నాడు.

అంతలో అన్నే దిగివస్తూ కనిపించాడు. ఫోను మోగలేదని, వైరు తెగిందేమోనని వెతుక్కుంటూ వచ్చాడట. గ్లోవు ఉంటే తెగిన చోటు తెలియదని ఉత్త కుడిచేత్తో దారి పొడుగునా వైరు తడిమాడు. వేళ్లు తెల్లగా ఉన్నాయి.

"యాడా తెగలే తమ్మీ," అన్నాడు. "మరి గా రెండో వైరేది?"

అప్పుడు వెలిగింది. గడ్డకట్టిన నేల తడినేల కాదు. కరెంటుకు తిరుగుదారే లేదు.

సుబేదార్ వచ్చి ఏమైందని అడిగాడు. మంచుకు వైరు తెగింది సాబ్ అని అన్న హిందీలో చెప్పేశాడు. వాలు ఆ రోజు జారనే లేదు. దవాఖానలో అతని కుడిచేతికి చలికి చచ్చిన మూడు వేళ్లు తీసేశారు.

లడాఖ్ డ్యూటీ గడువు ముగిసి ఆర్మూరులో బస్సు దిగాను. ఇంటికి పోకుండా బాల్కొండ బస్సెక్కాను. అప్పటికి అన్న పింఛను మీద ఇంట్లో ఉన్నాడు. అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను.

"నీకు శిక్ష పడితే నాకు వేళ్లు మొలుస్తయా? చాయ్ తాగు."

ఆ మాట నాకిప్పటికీ సరిగ్గా అర్థం కాదు. క్షమించాడా, విసుక్కున్నాడా?

వదిన చాయ్ తెచ్చింది. అలవాటుకొద్దీ అతను కుడిచేయి చాచాడు. గుర్తొచ్చి వెనక్కి తీసుకుని, ఎడమచేయి చాచాడు.