కాళ్ళు కోసిన పనిబల్ల

పొడుగు మేస్త్రి తన పనిబల్ల కాళ్ళు రెండోసారి కోశాడు. చెక్కకు చిత్రిక పడుతుంటే భుజాలు పైకి లేచిపోతున్నాయి, చేతికి పట్టు చాలడం లేదు. తప్పు బల్లదేనని తేల్చుకుని, నాలుగు కాళ్ళకూ సమంగా గీత గీసి రంపం పెట్టాడు. వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. తలుపూ కిటికీ కొలవడంలో అతనికి తిరుగులేదు కానీ, తనను తాను కొలుచుకోవాలని మాత్రం తట్టలేదు.

అరవై దాటినా అతనికి తెలిసిన జబ్బు ఆయాసం ఒక్కటే. రంపప్పొట్టు పీల్చీ పీల్చీ వచ్చింది. మందుల కొట్లో ఇచ్చే చిన్న బిళ్ళ మింగితే రొమ్ము తేలికపడేది. ఏళ్ళ తరబడి అదే మింగుతూ వచ్చాడు.

ఒకరోజు నేలమీది తలుపు చెక్క ఎత్తబోతే వెన్నులో కలుక్కుమంది. ఊపిరి తీసినా పోటే. “పట్టేసిందంతే” అంటూ తైలం రాసుకున్నాడు. ఎన్నాళ్ళకీ తగ్గకపోయేసరికి భార్య ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ వెన్ను వెంట వేళ్ళతో నొక్కి చూసింది.

“ఈమధ్య ఎత్తు తగ్గారా మేస్త్రిగారూ?”

“అబ్బే! నన్నందరూ పొడుగు మేస్త్రి అంటారండీ.”

“అది పెళ్ళినాటి మాటండీ,” భార్య అందుకుంది. “ఇప్పుడాయన పంట్లాములు నేల ఊడుస్తున్నాయి. బల్ల ఎత్తయిపోయిందని దాని కాళ్ళు కోసేశారు, అదీ రెండుసార్లు!”

డాక్టరమ్మ నవ్వబోయి ఆగింది. అతన్ని గోడకు ఆనించి నిలువు కొలిచి, ఎక్స్‌రే తీయించింది. రెండు వెన్నుపూసలు ముందువైపు నలిగి ఉన్నాయి. రక్తపరీక్షలూ, ఎముకల గట్టిదనం కొలిచే స్కానూ అయ్యాక మళ్ళీ పిలిచింది.

“ఎముకలు గుల్లబారాయండీ.”

“అది ఆడవాళ్ళ జబ్బు కదమ్మా?”

“మగవాళ్ళకీ వస్తుంది. వస్తే వెనకాల ఇంకేదైనా కారణం ఉందేమో వెతకాలి. ఏం మందులు వాడుతున్నారు?”

భార్య సంచిలోంచి ఆయాసం బిళ్ళల పట్టీ తీసి బల్లమీద పెట్టింది.

“ఇదిగో, దొంగ దొరికాడు. ఇది స్టిరాయిడ్, ఎముకను తినేస్తుంది. అలాగని రేపే మానేయకండి, ప్రమాదం. పీల్చే మందు మొదలుపెట్టి, దీన్ని మెల్లగా తగ్గిద్దాం.”

మేస్త్రికి ఇవేవీ చెవికెక్కలేదు. “పని మానెయ్యాలా?” అన్నాడు.

“నొప్పి తగ్గేదాకా ఆగండి. తర్వాత నిలబడి చేసే పని చేసుకోండి. నడుం వంచి బరువెత్తారో, మూడో పూసా నలుగుతుంది.”

ఎముకలు గట్టిపడడానికి వారానికో మాత్ర, పరగడుపున గ్లాసుడు నీళ్ళతో. మింగాక అరగంట ఏమీ తినకూడదు, నడుం వాల్చకూడదు. ఆ అరగంటా భార్య కాపలా.

“కాఫీ అన్నా ఇవ్వవే.”

“డాక్టరమ్మనడగండి, ఇవ్వమంటే పెడతా.”

కాల్షియం, విటమిన్ డి, వెన్ను నిటారుగా ఉంచే కసరత్తులు వీటికి తోడు. ఆయాసం బిళ్ళ కొంచెం కొంచెంగా తగ్గి చివరికి ఆగింది. కొన్నాళ్ళకు మళ్ళీ స్కాన్ తీశారు.

“కొత్తగా ఏదీ నలగలేదు. ఎముక కాస్త గట్టిపడింది కూడా.”

“మరి పోయిన ఎత్తు?”

“అది రాదండీ. ఉన్నది కాపాడుకుందాం.”

ఆ వారంలోనే ఒకాయన వీధి తలుపు చేయించుకుందామని వచ్చాడు.

“చేస్తానండీ. చెక్క దింపడానికీ, తలుపు ఎత్తి బిగించడానికీ మనుషుల్ని మీరే తెచ్చుకోవాలి.”

“అదేంటి మేస్త్రీ? అన్నీ నువ్వే మోసేవాడివి కదా!”

“నా వెన్ను ఇక మోతకు పనికిరాదు. చేతులు మాత్రం పనికొస్తాయి. సరేనంటే కొలతలు చెప్పండి.”

“మనుషుల్ని తెస్తాలే,” అని ఆయన కొలతలు చెప్పడం మొదలుపెట్టాడు.