అడ్డం చెప్పేవాళ్ళు లేని వారం

మా ప్రాజెక్టులో చిన్న మార్పు రావాలన్నా అందరూ ఒప్పుకోవాలి. జీతం లేని పని, పైన సేటు లేడు. చూపు లేనివాళ్ళకు తెలుగు చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఏదన్నా మార్చాలనుకున్నవాళ్ళు గుంపు మెయిల్లో రాసి వారం ఆగాలి. ఎవరైనా అభ్యంతరం పెడితే, పెట్టినవాళ్ళే వెనక్కి తీసుకునేదాకా అది కదలదు. ఈ పద్ధతి కావాలని అందరితో కొట్లాడింది నేనే. తర్వాత దానికి చిక్కిందీ నేనే.

నేను మార్చాలనుకున్నది గొంతును. లాక్‌డౌన్ పెట్టగానే మేం పనికి వలసొచ్చిన ఉధ్నాలో సాంచాలు ఆగిపోయాయి. మరమగ్గాలను మావాళ్ళు అట్లాగే అంటారు. మా అద్దె ఇంటి గోడ అవతలే కారఖానా. ఆ చప్పుడు లేని పగళ్ళకు అమ్మ భయపడిపోయింది, అసలే చూపు పోయిన మనిషి. పేపరన్నా విని కుదుటపడుతుందని ఫోన్లో మా సాఫ్ట్‌వేర్ పెట్టాను.

"ఏందే ఇది? సాంచాకు నోరొచ్చినట్టున్నది. బంద్ చెయ్."

ఆ పాత గొంతు కంప్యూటర్ పుట్టించింది, మనిషిది కాదు. అందుకే ఇంకో ఇద్దరితో కలిసి మనిషిలా చదివే కొత్త గొంతు తయారుచేశాను. అమ్మ విని, "ఈ పిల్లెవరో మంచిగ సదువుతున్నది" అంది. పాతది తీసేసి ఇది పెడదామని గుంపులో రాశాను. రెండూ ఉంచొచ్చు కదా అంటారేమో. కొత్త ఫోను వచ్చినప్పుడల్లా గొంతును మళ్ళీ సరిచేయాలి. ఒక్కదానికే చేసేవాళ్ళు దొరకరు.

సారు అభ్యంతరం పెట్టారు. కరీంనగర్ దిక్కు బడిలో పనిచేసి రిటైరైన పంతులు, పుట్టుకతోనే చూపు లేదు. ముఖాలు చూసుకున్నది లేదు. నెలకోసారి గుంపంతా ఫోన్లో కలిసేవాళ్ళం, అందులో సగం మా ఇద్దరి పంచాయితీకే సరిపోయేది.

"జర ఆగుండ్రి," ఆయన ఎప్పుడూ అట్లాగే మొదలుపెడతారు. "మీరు కండ్లతోని పేజీలు ఎట్ల తిప్పేస్తరో నేను చెవులతోని గట్లనే తిప్పేస్త. ఆ వేగంల మీ కొత్త పిల్ల మాటలు మింగుతున్నది చెల్లె."

"వేగం తగ్గించుకోండి సార్. రైలేమన్నా వెళ్ళిపోతుందా?"

"మీరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంట చదువుండ్రి. నేను గూడ గట్లనే వింట."

ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు మండింది.

"అది దెయ్యం గొంతు సార్. మా అమ్మ జడుసుకుంటున్నది."

"నాకు గా దెయ్యమే పేపర్ సదివింది, మనుమరాలి మార్కులు సదివింది. దాన్ని ఎల్లగొట్టి, నన్ను నా ఇంట్లనే చుట్టాన్ని చేస్తవా?"

నెలలు గడిచాయి. ఆయన వెనక్కి తీసుకోలేదు, నేను వదల్లేదు.

రెండో వేవ్‌లో సారు పోయారు. కొడుకు గుంపులో రాశాడు. ఆస్పత్రిలో లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వలేదట. అంటే ఆ చివరి రోజుల్లో ఆయనకు ఎవరూ ఏమీ చదివి వినిపించలేదు. ఇప్పటికీ నాకు మింగుడుపడని ముక్క అది.

సంతాపాలయ్యాక ఒకతను, మంచివాడే, రాశాడు: "అక్కా, అభ్యంతరం పెట్టినవారు ఇక లేరు కదా. మీ మార్పు కలిపేద్దామా?" ఒకరి వెనక ఒకరు సరే, సరే అన్నారు.

ఏడుపు రావాల్సిన చోట నాకు కోపమే వస్తుంది, ఏం చెయ్యను.

"మనిషి పోతే ఆయన అడిగింది కూడా పోతుందా? జవాబు ఎవరిచ్చారు? ఆ అభ్యంతరం ఇక నాది. నా మార్పుకు నేనే అడ్డం" అని రాశాను.

చాలా వారాలు తిప్పలు పడ్డాం. సారు వేగంలో కొత్త గొంతు నిలబడలేదు, మాటలు మింగుతూనే ఉంది. చివరికి మళ్ళీ రాశాను: కొత్తది వస్తుంది, పాతది పోదు, పాతదాని చాకిరీ మొత్తం నాది.

పద్ధతి ప్రకారం వారం ఆగాను. రోజూ మెయిల్ తెరిచాను. అన్నీ 'సరే'లే. నీకు విసుగొస్తే దాన్ని చూసేదెవరు అని ఒక్కరన్నా అడగలేదు. సారుంటే ముందు అదే అడిగేవారు. దానికి జవాబు కూడా రాసి పెట్టుకున్నాను, బాగా ఘాటుగా. అది అట్లాగే ఉండిపోయింది. ఇంత సులువుగా ఏ మార్పూ ఒప్పించుకోలేదు నేను, ఇంత ఏడ్చిందీ లేదు.

వారం నిండిన సాయంత్రం మార్పు కలిపేసి, పాత గొంతును సారు వేగానికి పెట్టి, ఆయన పాత మెయిళ్ళు చదివించాను. గోడ అవతల సాంచాలు మళ్ళీ ఆడుతున్నాయి.

మంచం మీంచి అమ్మ అడిగింది, "ఏం సదువుతున్నదే గది? ఒక్క ముక్క సమజైతలేదు."

"నాకూ కావట్లేదమ్మా."

"మరి జర మెల్లగ పెట్టరాదు?"

పెట్టబుద్ధి కాలేదు.