సీలు విప్పని ప్రొజెక్టరు

ఆ రోజుల్లో మా బళ్లకు యంత్రాలు రాలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వచ్చాయి. జిల్లా నుంచి లారీ ఎక్కి, దుమ్ము కొట్టుకుని, మూడు కాపీల మీద సంతకాలు పెట్టించుకుని మరీ వచ్చాయి. వచ్చాక హెడ్మాస్టరు గదిలో ఓ మూల కూర్చుని, దసరాకు పసుపు కుంకుమలు పెట్టించుకుని, మళ్లీ దసరా దాకా మౌనం పాటించేవి. ఇప్పటి పిల్లలు బడిలో మీటలు టకటకా నొక్కుతుంటే చూసి ముచ్చట పడతాను. కానీ ఒక్క మీటైనా నొక్కకుండా యంత్రాల మీద కోర్సు పూర్తిచేసి, సర్టిఫికెట్ పుచ్చుకుని, ఉద్యోగం ఖాయం చేసుకున్న ఘనత మాత్రం మా కాలానిదే. అందులో నా వాటా కొంచెం ఎక్కువే కాబట్టి చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో సంగతి. ఎల్లారెడ్డిలో ఒక బడిలో నేను సైన్సు టీచరును. తాత్కాలికం. (ఆ మాటను మా హెడ్మాస్టరు ప్రతి కాగితం మీదా నా పేరు పక్కన బ్రాకెట్లో రాసేవారు, ఇంటిపేరు కంటే శ్రద్ధగా.) ఇల్లు కామారెడ్డిలో. బాపు, అంటే మా నాన్న, దర్జీ, బజారులో చిన్న దుకాణం. పొద్దున మొదటి బస్సు ఎక్కి ఎల్లారెడ్డిలో దిగేసరికి నా జడలో సగం దుమ్ము, సగం పక్కావిడ గంపలోని కొత్తిమీర ఉండేవి. ఆ ఏడాది ఒక కాగితం వచ్చింది. ఎండాకాలం సెలవుల్లోగా తాత్కాలికాలన్నీ రద్దు, విద్యా సాంకేతిక శాస్త్రంలో పోస్టు గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లను మాత్రం పర్మినెంటు చేస్తారని దాని సారాంశం. బాపుకు చదివి వినిపించాను. ఆయన నోట్లో సూది తీసి, "బిడ్డా, గా కోర్సేందో చెయ్యి. గీ ఏడు నౌకరి పక్కా కాకుంటే ఇంటికొచ్చి మిషన్ మీద కూసో. కాజాలు కుట్టెటోళ్లు ఎట్లాగూ దొర్కుతలేరు" అన్నారు. కోపంగా అన్నా బాగుండేది. ఆశగా అన్నారు. నాకు కాజాలంటే చిన్నప్పటి నుంచీ భయం. వెంటనే కోర్సులో చేరిపోయాను.

ఆదివారాలు కామారెడ్డిలో క్లాసులు. విద్యలో సాంకేతికత ఎంత విప్లవం తెస్తుందో మాకు చెప్పడానికి ఒక సారు వచ్చేవారు. మేం ఆయనకు నోట్సు సారు అని పేరు పెట్టుకున్నాం. వచ్చీ రాగానే పసుపుపచ్చబడిన కాగితాల కట్ట విప్పి, "రాసుకోండి" అనేవారు. "ఉపన్యాస పద్ధతి వల్ల విద్యార్థికి విసుగు కలుగును, ఫుల్‌స్టాప్. కావున ఉపాధ్యాయుడు దృశ్య శ్రవణ పరికరములను వాడవలెను, ఫుల్‌స్టాప్. కొత్త పేరా." మేం ఆవలించుకుంటూ రాసుకునేవాళ్లం. మూడు నెలలు అలా చెప్పి, ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు వంతు వచ్చినప్పుడు బోర్డు మీద సుద్దముక్కతో దాని బొమ్మ గీశారు. పెట్టె, పైన మెడ, మెడ చివర అద్దం. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్ నుంచి వచ్చే ఒక సారు ఉండేవారు, ఏ ప్రశ్నా కడుపులో దాచుకోలేని మనిషి. ఆయన లేచి, "సార్, అసలుది ఎప్పుడు చూపిస్తరు?" అన్నారు. నోట్సు సారు కాగితాలు వెనక్కీ ముందుకూ తిరగేసి, "సిలబస్‌లో చూపించుట లేదండీ. వివరించుట ఉన్నది" అన్నారు. మద్నూర్ సారు కూర్చుని మరాఠీలో ఏదో గొణుక్కున్నారు. అర్థం కాకపోయినా మేమంతా ఏకీభవించాం.

రాత పరీక్షలో ప్రొజెక్టరు బొమ్మ గీసి భాగాలు గుర్తించమన్నారు. నాకు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు. అప్పటికి నా జన్మలో ప్రొజెక్టరును చూడలేదు, అది వేడిగా ఉంటుందో చల్లగా ఉంటుందో కూడా తెలియదు. ఇక మిగిలింది ప్రాక్టికల్. ఎవరి బడిలో వాళ్లు యంత్రంతో ఒక పాఠం చెప్పాలి, బయటి నుంచి పరిశీలకుడు వచ్చి చూస్తాడు. అందులో తప్పితే రాత పరీక్ష మార్కులన్నీ నీళ్లలో కలిసినట్టే.

అదృష్టమేమిటంటే మా బడికి ప్రొజెక్టరు ఉంది. దురదృష్టమేమిటంటే అది మా హెడ్మాస్టరు గదిలో ఉంది. ఆయనను మేం చాటుగా తాళాల సారు అనేవాళ్లం. బీరువా తాళం, సుద్దముక్కల డబ్బా తాళం, గంట కొట్టే కర్రను పెట్టే అర తాళం, అన్నీ గుత్తిగా నడుముకు వేలాడేవి. ఆయన వరండాలో వస్తుంటే మనిషికంటే ముందు ఆ చప్పుడు వచ్చేది. వెళ్లి నా అవసరం చెప్పుకున్నాను. ఆయన స్టాకు రిజిస్టరు తీసి, ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు, ఒకటి, అన్న పద్దు చూపించి, దాని పక్కన ఏటేటా పడిన సంతకాలు చూపించారు. ప్రతి సంతకం ముందూ 'బాగున్నది' అని రాసి ఉంది.

"చూడమ్మా. గీ పెట్టెను నా ముందటాయన నాకు సీలుతోని అప్పజెప్పిండు. నేను నా ఎన్కటాయనకు సీలుతోని అప్పజెప్పాలె. నడుమ మనమెవ్వలం ఇప్పెటందుకు?"

"సార్, ఇప్పకుంటె పాఠం ఎట్ల చెప్తం?"

"ఇప్పినంక బల్బు మాడిపోతే ఎవరు జవాబు చెప్తరు? నువ్వా? నువ్వు తాత్కాలికమాయె."

ఆ మాట నిజమే కాబట్టి ఏడుపు వచ్చింది. వరండాలోకి వచ్చి ముక్కు తుడుచుకుంటుంటే మా అటెండరు చిచ్చా చూశాడు. (చిచ్చా అంటే బాబాయి; ఊరంతటికీ ఆయన చిచ్చాయే, ఆయనకంటే పెద్దవాళ్లకు కూడా.) "ఏడ్వకు బేటీ. పరీక్షాయన వచ్చినంక ఆయన ముంగట సారు ఇప్పక ఏం జేస్తడు? నువ్వయితే నీ పని సురు జెయ్యి" అన్నాడు. సరేనని మొదలుపెట్టాను. ప్రొజెక్టరు మీద పెట్టడానికి పారదర్శక పత్రాలు కావాలని నోట్సులో ఉంది. అవి కామారెడ్డిలో దొరకవు. ఒక డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరును బతిమాలి పాత ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చి, బాపు ఇస్త్రీ నీళ్ల బకెట్లో నానబెట్టి, నలుపంతా గీకి, వాటి మీద గుండె బొమ్మ గీశాను. ఒకదాని మీద ఎవరివో రెండు పక్కటెముకలు ఎంత రుద్దినా పోలేదు. గుండె పాఠమే కదా, ఉంటే ఉండనీ అని వదిలేశాను.

తర్వాత పిల్లల తయారీ. గోడ మీద పడబోయే బొమ్మ ఎక్కడ, ఎంత పెద్దగా ఉంటుందో పిల్లలకు అలవాటు కావాలని, తరగతి గది గోడ మీద బొగ్గుతో నా ఎత్తున గుండె గీశాను. పది రోజులు దాని మీదే పాఠం. ఏ గది నుంచి ఏ గదిలోకి రక్తం పోతుందో పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి వేలు పెట్టి నడిపించేవాళ్లు. చివరికి కళ్లు మూసుకుని నడిపించే ఆట కూడా కనిపెట్టారు. ఆ ఆటలో బుగ్గల పిల్ల అని ఒక అమ్మాయి అందరినీ ఓడించేది. పరీక్ష నాడు పొద్దున నేను వెళ్లేసరికి గుండె లేదు. పైనుంచి ఎవరు వస్తున్నా ముందు రోజు సున్నం కొట్టించడం మా బడి ఆచారం. తాళాల సారు ఆచారం తప్పని మనిషి. గోడ తెల్లగా, ఏ పాపమూ ఎరగనట్టు నిలబడి ఉంది. పోనీలే, తెర అయినా శుభ్రంగా ఉంది అనుకున్నాను.

పదకొండు గంటల బస్సులో పరిశీలకుడు దిగారు. ఉప్మా తిన్నారు, చాయ్ తాగారు, పెట్టె ఏదన్నారు. చిచ్చా, డ్రిల్లు సారు కలిసి దాన్ని తరగతిలోకి మోసుకొచ్చారు. లోపల ఏదో టింగు టింగుమని మోగింది. "అద్దముంటది, పైలం" అంటూ తాళాల సారు వెంట నడిచారు. పెట్టెను బల్ల మీద దించాక, ఆయన రిజిస్టరు పరిశీలకుడి ముందు పెట్టి కలం అందించారు. "సార్, మీరు సంతకం జేస్తే ఇప్పుత. లోపల ఏమన్న పలిగితే, మాడితే, మీ ఆర్డరు మీద ఇప్పినట్టు ఉంటది." పరిశీలకుడు కలం అందుకున్నారు. సీలు వైపు చూశారు, రిజిస్టరు వైపు చూశారు, కాసేపు పైకప్పు వైపు చూశారు. తర్వాత కలానికి మూత పెట్టి, "మనకు ముఖ్యం టీచరు నైపుణ్యం కదండీ, యంత్రం కాదు. ఇప్పినట్టే అనుకుందాం. మొదలుపెట్టమ్మా" అన్నారు.

నాకు కాజాలు గుర్తొచ్చాయి. మొదలుపెట్టాను. ప్రొజెక్టరుకు చీకటి ఉండాలని నోట్సులో ఉంది కాబట్టి చిచ్చా కిటికీలు మూశాడు. ఆ చీకట్లో మూసిన పెట్టె మీద ఎక్స్‌రే ఫిల్ము పరిచి, గాలిలో ఒక మీట నొక్కి, ఖాళీ గోడ వైపు కర్ర చూపించి, "పిల్లలూ, ఇది గుండె" అన్నాను. నవ్వుతారేమోనని గుండె, అంటే నాది, ఆగినంత పనైంది. ఒక్కరూ నవ్వలేదు. పది రోజుల అలవాటు. "ఎడమ కర్ణిక ఎక్కడుంది?" అంటే అందరి చూపులూ గోడ మీద ఒకే చోటికి వెళ్లాయి. పరిశీలకుడు వెనక నుంచి ముందుకు వస్తూ నడుం వంచి, తల దించి, పెట్టెకూ గోడకూ మధ్య నుంచి గబగబా దాటారు. తన నీడ బొమ్మ మీద పడకూడదని. ఆ తర్వాత తాళాల సారు కూడా అలాగే వంగి దాటారు. చిచ్చా మాత్రం నిటారుగా నడిచాడు.

పరిశీలకుడు బుగ్గల పిల్లను పిలిచి, "కుడి జఠరిక చూపించు" అన్నారు. ఆ పిల్ల వెళ్లి ఖాళీ గోడ మీద కింద ఎడమ పక్క వేలు పెట్టింది. "అది ఎడమ కదా" అన్నారాయన. పిల్ల బెదరలేదు. "గుండె మన దిక్కు మొకం పెట్టి ఉన్నది సార్. దాని కుడి మనకు ఎడమయితది." అని, అక్కణ్నుంచి రక్తాన్ని వేలితో ఊపిరితిత్తుల దాకా తీసుకెళ్లి, మళ్లీ వెనక్కి తెచ్చి, ఒళ్లంతా తిప్పడానికి పంపి, వచ్చి కూర్చుంది. పరిశీలకుడు ఆ తెల్లగోడను మరోసారి చూసి, కలం మూత తీశారు. తర్వాత కాగితం మీద రాసుకున్నారు. పక్కనే నిలబడ్డ నాకు కనిపించింది. 'పరికర వినియోగము: ప్రశంసనీయము.'

అందరూ వెళ్లాక చిచ్చా కిటికీలు తెరుస్తూ మెల్లగా అన్నాడు. "బేటీ, ఒక ముచ్చట. గీ కమ్రల ప్లగ్గే లేదు." నిజమే. పది రోజులు ఆ గదిలో, ఆ గోడ ముందే నిలబడి కూడా నేనది చూసుకోలేదు. అంతమంది విద్యా సాంకేతిక నిపుణుల్లో ఆ సంగతి గమనించినవాడు ఒక్క చిచ్చా.

సర్టిఫికెట్ వచ్చింది. నా పేరు పక్క నుంచి బ్రాకెట్ పోయింది. బాపు దాన్ని తిప్పి తిప్పి చూసి, "గంత పెద్ద పేరున్న చదువుకు గింత కాయితమా" అని, టేకు కర్రతో ఫ్రేము కట్టించి, దుకాణంలో కొలతలిచ్చేవాళ్లకు ఎదురుగా వేలాడదీశారు. చొక్కా కోసం వచ్చినవాడు అది చదవకుండా బయటికి వెళ్లడానికి వీల్లేదు. బాపు పోయాక ఆ ఫ్రేము నా దగ్గరికి వచ్చింది. చాలా ఏళ్లు ఊళ్లు తిరిగి, చివరికి అదే ఎల్లారెడ్డి బడికి నేను హెడ్మాస్టరుగా వచ్చినప్పుడు, నా గదిలో కుర్చీ వెనక దాన్ని తగిలించాను. కుర్చీ పక్కన మూలలో ఆ పెట్టె. సీలు అలాగే ఉంది. రిజిస్టరులో 'బాగున్నది' అని రాసి నేనూ సంతకం పెట్టాను, చూడకుండానే.

అప్పటికి మా బడికి ఒక కంప్యూటరు వచ్చింది. దానికి వెల్వెట్ గుడ్డ కుట్టించి కప్పాను. (దర్జీ బిడ్డను కదా.) ఒకరోజు ఒక కుర్ర టీచరు, తాత్కాలికం, నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కామారెడ్డిలో కంప్యూటరు కోర్సు చేస్తున్నాడట, కీబోర్డు బొమ్మ గీస్తే మంచి మార్కులే వచ్చాయట, వచ్చే వారం ప్రాక్టికల్, ఒక్కసారి మన మిషన్ మీద చేయి వేసి చూస్తానన్నాడు. నేను కళ్లజోడు సవరించుకుని, "పాడైతే ఎవరు జవాబు చెప్తరు? నువ్వా?" అన్నాను. అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. లేచి నిలబడితే నా నడుం దగ్గర ఏదో చప్పుడైంది. తాళాల గుత్తి. ఎప్పుడు కట్టుకున్నానో కూడా గుర్తులేదు. అంత సిగ్గు నా జీవితంలో ఎప్పుడూ పడలేదు.

చిచ్చాను పిలిచాను. ఇంకో ఏడాదిలో రిటైరయ్యేవాడు. "పెట్టె ఇప్పు" అన్నాను. ఆయన వెళ్లి సుత్తి తెచ్చాడు. సీలు ఊడింది, మేకులు ఊడాయి, గడ్డి తీశాడు. లోపల ప్రొజెక్టరు లేదు. పసిపిల్లలను పడుకోబెట్టి తూచే యంత్రం ఉంది, పైన తొట్టి, కింద గుండ్రటి ముఖం, ఎర్ర ముల్లు. మోసినప్పుడు టింగుమన్నది దాని స్ప్రింగు. ఏ ఆసుపత్రిలోనో ఇన్నేళ్లుగా మా ప్రొజెక్టరు మీద పిల్లలను పడుకోబెట్టి బరువు చూస్తున్నారో, లేక అక్కడా సీలుతోనే ఉందో దేవుడికి తెలియాలి. చిచ్చా, నేను కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. నవ్వు తగ్గాక కుర్ర టీచరును పిలిపించి, నడుం నుంచి గుత్తి మొత్తం విప్పి అతని చేతిలో పెట్టాను. అతను జడుసుకున్నాడు. "పాడైతే నేను చెప్త జవాబు, పో" అన్నాను. రిజిస్టరులో 'బాగున్నది' కింద, 'కానీ ప్రొజెక్టరు కాదు' అని రాసి సంతకం చేశాను.

అందరూ వెళ్లాక గోడ మీది ఫ్రేము దించి, చీరకొంగుతో తుడిచి, ఆ తొట్టిలో పెట్టి చూశాను. ముల్లు కొంచెం కదిలింది. సంతోషపడబోయి, మళ్లీ ఆలోచించి, వెనక మేకులు తీసి సర్టిఫికెట్ బయటికి లాగి, అదొక్కదాన్నే పెట్టాను. ముల్లు సున్నా దగ్గరే ఉంది. ఇందాక కదిలిందంతా బాపు కట్టించిన టేకు కర్ర బరువే. కాయితాన్ని మళ్లీ ఫ్రేములో పెట్టి, గోడకు తగిలించి, ఆఖరి బస్సు అందుకోవడానికి బయల్దేరాను.