నాలుగున్నరకు లేచే తలుపు

ఈ అరబ్బు దేశంలో, హుఫూఫ్ అనే ఊళ్లో నా గది గ్యారేజీ లోపలే ఉంది. ఇల్లు కట్టినప్పుడే గ్యారేజీ మూలన ఒక గోడ అడ్డం లేపి, తలుపు బిగించి, ఇది డ్రైవర్ గది అనేశారు. కిటికీ ఉంది గానీ అది కూడా గ్యారేజీలోకే తెరుచుకుంటుంది. తెరిస్తే రెండు కార్లు, వాటి వెనక దక్షిణం వైపున గోడంత వెడల్పు ఇనుప తలుపు కనిపిస్తాయి. ఆ తలుపు మోటారుతో లేస్తుంది. కఫీల్, అంటే నన్ను పనికి తెచ్చుకున్న యజమాని, ఇంకా వీధిలో ఉండగానే రిమోట్ నొక్కుతాడు. పైన చైను గరగరమంటుంది, నా మంచం వణుకుతుంది. ఆరేళ్లుగా నాకు జీతమిస్తున్న మనిషి ఇంటికి వచ్చాడని నాకు తెలిసేది అలాగే.

రోజూ సాయంత్రం నాలుగింటికి నా భార్యకు వీడియో కాల్ చేస్తాను. జగిత్యాల దగ్గర మా ఊళ్లో అప్పుడు ఆరున్నర. ఆమె బీడీలు చేస్తుంది. ఫోను గోడకు ఆనించి, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ మాట్లాడుతుంది. నాలుగున్నరకు తలుపు గరగరమంటుంది. ఆ చప్పుడు నాకంటే ముందు ఆమెకే వినబడుతుంది. "తలుపు లేస్తున్నది, పో" అని ఫోను పెట్టేస్తుంది. నేను పరుగున వెళ్లి కఫీల్ చేతిలోని సంచులు అందుకుంటాను.

మా సంసారమంతా ఆ అరగంటలోనే. తిన్నవా, మందులు వేసుకున్నవా, పిల్ల పరీక్ష ఎట్ల రాసింది, వాన పడ్డదా. ఏదైనా మనసులో మాట మొదలుపెడదామని గొంతు సవరించుకునేసరికి తలుపు లేస్తుంది. ఆ తలుపును నేను తిట్టినన్ని తిట్లు మనిషిని తిట్టలేదు. అది లేకపోతే ఎన్ని మాట్లాడుకునేవాళ్లమో అనుకునేవాణ్ణి.

పోయిన చలికాలం మొదట్లో ఒక సాయంత్రం కఫీల్ కారు లోపల పెట్టి బటన్ నొక్కాడు. తలుపు మూరెడు దిగి ఆగి, మళ్లీ పైకి పోయింది. మోటారుకున్న దీపం మిణుకు మిణుకుమంది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అదే. నా వైపు చూశాడు, నేనేదో చేసినట్టు. రిమోట్‌లో కొత్త బ్యాటరీలు వేశాను. పట్టాల్లో ఇసుక తుడిచి గ్రీజు రాశాను. తలుపుకు రెండు పక్కలా, నేలకు జానెడు ఎత్తులో ఎదురెదురుగా చెరో చిన్న ఎలక్ట్రిక్ కన్ను ఉంటుంది. ఒకటి కిరణం పంపుతుంది, రెండోది అందుకుంటుంది. మధ్యలో పిల్లో పిల్లాడో అడ్డం వస్తే తలుపు వాళ్ల మీద పడకుండా వెనక్కి పోతుంది. ఆ రెండింటినీ మెత్తటి గుడ్డతో తుడిచాను. మర్నాడు పొద్దున తలుపు బుద్ధిగా దిగింది. సాయంత్రం మళ్లీ మొండికేసింది.

కఫీల్‌కు విసుగొచ్చింది. మోటారు కరెంటు తీయించి, తలుపు చేత్తో దింపించి, తన కారు వీధిలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే "బుక్రా" అన్నాడు. ఈ దేశంలో రేపు అంటే ఎప్పుడైనా కావచ్చు. కఫీల్ తలుపు వైపు వేలు చూపించి, "షూఫ్" అన్నాడు నాతో. చూడు అని. డ్రైవర్‌గా వచ్చినవాడు ఇక్కడ ప్లంబరూ అవుతాడు, తోటమాలీ అవుతాడు, చివరికి తలుపుల డాక్టరూ అవుతాడు.

ఆ రోజు నాలుగున్నరకు తలుపు లేవలేదు. కఫీల్ వీధి గుమ్మంలోంచే లోపలికి వెళ్లిపోయాడు, సంచులు ఆయనే మోసుకున్నాడు. రాత్రి నమాజు దాకా నాతో ఎవరికీ పని లేదు. మేము గంట దాటి మాట్లాడుకున్నాం. ఆమె చెల్లెలి కాపురం గురించి చెప్పింది, నేను హుఫూఫ్ ఖర్జూరం తోటల గురించి చెప్పాను. ఆమె నవ్వింది కూడా. ఆ రోజు అన్నం ఎక్కువ తిన్నాను.

తలుపు రోగం నాకు మర్నాడే దొరికింది. నాలుగు కొట్టేముందు కరెంటు పెట్టి పరీక్షిస్తున్నాను. తలుపు దిగుతూ దిగుతూ వెనక్కి పోతోంది. తూర్పు పక్క కన్ను దగ్గర వంగి చూద్దామని కూర్చున్నాను. నా నీడ దాని మీద పడింది. దాని పచ్చ దీపం నిలకడగా వెలిగింది. పక్కకు జరిగాను, ఆరిపోయింది. తల తిప్పితే కళ్లలోకి సూటిగా ఎండ. పడమటి పక్కనున్న పాత ఇంటిని అంతకు ముందు వారమే పడగొట్టారు. ఇన్నేళ్లు ఆ ఇల్లు ఆపిన పొద్దు ఇప్పుడు సరాసరి వచ్చి కన్నులో పడుతోంది. ఎండలో దానికి కిరణం కనబడటం లేదు. ఏదో అడ్డం ఉందనుకుని తలుపును వెనక్కి పంపుతోంది. పాపం, దాని తప్పేం లేదు.

కరెంటు తీసేశాను. ఆ సాయంత్రం కఫీల్ అడిగితే, పార్టు మార్చాలేమో, ఇంకా చూస్తున్నాను అన్నాను. ఆరేళ్లలో ఆయనతో నేను చెప్పిన మొదటి అబద్ధం అది. నా భార్యతో గంట మాట్లాడటం కోసం చెప్పాను, సిగ్గేమీ అనిపించలేదు.

మూడో రోజు ముప్పావు గంటకే మాటలు పలచబడ్డాయి. నాలుగో రోజు తిన్నవా అని రెండుసార్లు అడిగాను. అయిదో రోజు మొదటి పది నిమిషాల తర్వాత ఇక కత్తెర చప్పుడే. నేను కప్పు వైపు చూస్తున్నాను, ఆమె చాట వైపు. మనసులో మాటలు అని ఆరేళ్లు దాచుకున్నవి ఏవో గుర్తు చేసుకుందామంటే ఒక్కటీ రాలేదు. తొందరలో మాట్లాడటమే మాకు వచ్చింది. తొందర తీసేస్తే ఏం చెయ్యాలో తెలియలేదు. ఎడారిలో ఒంటరిగా ఉన్నానని చాలాసార్లు అనుకున్నాను గానీ, ఆమె ముఖం ఎదురుగా ఉండగా అంత ఒంటరితనం అంతకు ముందెప్పుడూ ఎరగను.

ఆమె దారం కొరికి, తల ఎత్తకుండా అడిగింది.

"ఆ తలుపు ఎప్పుడు బాగైతది?"

మామూలుగానే అడిగింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "ఇయ్యాలో రేపో" అన్నాను.

మర్నాడు ప్లాస్టిక్ పైపు ముక్క జానెడు కోసి, లోపల నల్ల రంగు పూసి, ఆ తూర్పు కన్నుకు గొట్టంలా తొడిగాను. ఎదుటి కన్ను తప్ప దానికి ఇంకేమీ కనబడకుండా చేశాను. సాయంత్రం తలుపు ఎక్కడా ఆగకుండా దిగింది. కఫీల్ నా భుజం తట్టి, తన తోటలో కాసిన ఖర్జూరాల డబ్బా ఇచ్చాడు. నాలుగున్నర మళ్లీ నాలుగున్నర అయింది. "తలుపు లేస్తున్నది, పో." మాటలు కూడా వెనక్కి వచ్చాయి, మునుపటి లాగే తొందర తొందరగా.

రెండు వారాల తర్వాత కఫీల్ ఇంటిల్లిపాదీ ఖఫ్జీలో పెళ్లికి వెళ్లారు. వాళ్ల పెద్ద కొడుకు కారు నడిపాడు, నేను ఇంటి కాపలా. నాలుగింటికి ఫోన్ చేశాను. నాలుగున్నర అయింది, దాటింది. మళ్లీ ఆ కత్తెర చప్పుడు. కఫీల్ వదిలి వెళ్లిన రిమోట్ మేకుకు వేలాడుతూ కనిపించింది. చెయ్యి చాచి నొక్కాను. చైను గరగరమంది, మంచం వణికింది.

"తలుపు లేస్తున్నది" అంది ఆమె అలవాటు కొద్దీ. పో అనలేదు. కత్తెర ఆగింది.

"మీ కఫీలోళ్లు పెండ్లికి పోయిండ్రని పొద్దున మెసేజ్ పెడితివి గదా."

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. ఎవరూ రాని తలుపు అవతల ఖాళీ వీధి కనబడుతోంది. ఏడుస్తుందో, ఫోను పెట్టేస్తుందో అనుకున్నాను. ఆమె చాట పక్కన పెట్టి ఫోను చేతిలోకి తీసుకుంది. ఎందుకు నొక్కినవని అడగలేదు.

"దాన్ని సూపియ్" అంది. "ఆరేండ్లాయె ఇనవట్టి. ఎట్లుంటదో సూడనే లేదు."

చూపించాలని ఇన్నేళ్లలో నాకూ తోచలేదు. ఫోను పట్టుకుని గ్యారేజీలోకి నడిచాను. పైకప్పు కింద పడుకున్న పలకలు చూపించాను, మోటారు, చైను, నేల దగ్గర గొట్టం తొడిగిన కన్ను చూపించాను. తర్వాత ఫోను ఎదురుగా పట్టుకుని బటన్ నొక్కాను. తలుపు నెమ్మదిగా దిగింది. ఎండ సన్నని గీత అయి, అదీ పోయింది. ఆమె రెప్ప వేయకుండా చివరిదాకా చూసింది.

"గింతేనా" అంది.

ఇంతే అన్నాను.