నీళ్లకుండ దగ్గర అడుగు

నవ్వితే నవ్వండి... కానీ ఇది కట్టుకథ కాదు. పుస్తకాల్లో తప్పులు ఏరే పని చేసుకుని బతికినవాణ్ని. అబద్ధమాడితే నాకు తిన్నది అరగదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం. అప్పటికింకా బస్తర్ సంస్థానమే. జగదల్‌పూర్‌లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు తన శిష్యుడి జీవితచరిత్ర రాశారు. ఆ శిష్యుడు సోమయ్య, ఆవపల్లి రైతుబిడ్డ. సముద్రం మొహమెరగని ఊళ్లో పుట్టి నేవీలో ఆఫీసరయ్యాడు. ఓడ మునిగింది. 'కనబడుట లేదు' అని తంతి వచ్చింది. హెడ్మాస్టరు 'అమరుడయ్యాడు' అని రాసేశారు గానీ ఆయనకే మనసొప్పలేదు. నిజం తేల్చుకు రమ్మని, ఆ పుస్తకం తప్పులు దిద్దుతున్న నన్ను ఆవపల్లి పంపారు.

ఇంట్లో సోమయ్య తల్లి ఒక్కతే. మాట్లాడే మనిషి దొరికాడని సాయంత్రమంతా నన్ను వదల్లేదు.

ఆ రాత్రికే ఊరి పెద్దలు ఒక కార్యం పెట్టుకున్నారు. వాళ్ల ఆచారం. లోపలి గదిలో నీళ్లకుండ చుట్టూ బూడిద పరుస్తారు. చచ్చిపోయినవాడైతే ఇల్లు వెతుక్కుంటూ వస్తాడట... బూడిదలో అడుగు పడుతుందట. పడితే అతని పేరున రాయి పాతేస్తారు. పడకపోతే బతికున్నట్టే.

"నువ్వు బయటోడివి పంతులూ, అబద్ధం జెప్పే అక్కర నీకు లేదు. ఆడనే పండు," అన్నాడు ఊరి పెద్ద.

ముసలమ్మ నా మంచం పక్కన చెంబుతో నీళ్లు పెట్టింది.

"దూపైతే ఇయ్యే తాగు బిడ్డా. కుండ జోలికి పోకు. అడుగు పడొద్దు దేవుడా... నా కొడుకు బతికుండాలె," అంటూ వసారాలోకి వెళ్లి పడుకుంది.

దీపం ఆర్పాను. తెలిసిన ముఖం ఒక్కటి లేని ఊరు. బెంగ పట్టుకుంది. ఎప్పటికో నిద్ర పట్టింది.

మెలకువ వచ్చింది. కాదు... వచ్చిందనుకుంటాను.

కుండ మీద మూత జరిగింది. నెమ్మదిగా... చాలా నెమ్మదిగా...

తర్వాత గుటక. ఇంకో గుటక. ఆగదే! ఉప్పునీళ్లలో ఏళ్ల తరబడి ఉండి, ఇప్పుడే మంచినీళ్లు దొరికినవాడు తాగినట్టు... గుటక... గుటక...

'ఎవరది?' అందామంటే నాలుక పిడచగట్టుకుపోయింది. చెయ్యి కదలదు. కాలు కదలదు.

తాగడం ఆగింది. ఒక్క నిట్టూర్పు... అంతే. మనిషన్నవాడు అంత దిగులుగా ఊపిరి వదలడం నేనెన్నడూ వినలేదు. ఒట్టు... భయంకన్నా ముందు నాకు ఏడుపొచ్చింది.

తెల్లారింది. బూడిదలో ఒకే ఒక్క అడుగు. కుడికాలు. వేళ్లు కుండవైపు ఉన్నాయి. తిరిగి వెళ్లిన అడుగు లేదు.

నా పక్కన చెంబు ఖాళీ. తాగినట్టు నాకు గుర్తు లేదు. చెంబు చాలక, నిద్రమత్తులో నేనే కుండదాకా వెళ్లానా...?

ముసలమ్మ గుమ్మంలో నిలబడింది. ఆమె వెనక పెద్దలు. అడుగును చూసింది. నన్ను చూసింది.

"ఏంది పంతులూ ఇది? రాత్రి లేచినవా... నీదేనా?"

ఆ కళ్లు చూసి ఇంకో మాట ఎలా చెప్పను?

"నాదేనమ్మా. దాహమేసి... మరిచిపోయి లేచాను."

"చదువుకున్నోడివి, ఆమాత్రం సోయి లేదా!" అని పెద్దలు నన్ను తిట్టిపోశారు. ముసలమ్మ చీపురు కోసం పరుగెత్తింది. వచ్చి బూడిదంతా గబగబా ఊడ్చేసింది. రాయి పాతలేదు. పుస్తకంలోనూ 'కనబడలేదు' అనే అచ్చయింది.

ఆమె చీపురు తెచ్చేలోగా నాకు కాస్త వ్యవధి దొరికింది. ఆ అడుగు పక్కన నా కాలు పెట్టి చూస్తే తేలిపోయేది. నేను వచ్చిన పనే అది... పెట్టలేకపోయాను.