తాతయ్య అందించని మాట

భూమి పుట్టిన దగ్గర్నుంచి మనుషులు పలికిన మాటల్లో సగం తాతయ్య అందించినవే. మిగతా సగం కూడా ఆయనే అందించబోయాడు గాని, అవతలివాళ్లు తొందరపడి ముందే పలికేశారు. కాదన్నవాళ్లు ఆయన ఎదురుగా కూర్చుని ఒక్క వాక్యం సొంతంగా పూర్తి చేసి చూపించాలి.

ఇది మనవరాలి లెక్క. పదో తరగతి మీద రెండుసార్లు దండెత్తి రెండుసార్లూ ఓడి వచ్చిన పిల్ల కాబట్టి, లెక్క కాస్త అటూ ఇటూ ఉండొచ్చు.

తాతయ్య ఒక నాటక కంపెనీలో ప్రాంప్టర్. తెర పక్కన ఎవరికీ కనపడని మూలలో పొట్టి స్టూలు మీద కూర్చుని, నటుడు తడబడీ తడబడకముందే మాట అందించడం ఆయన పని. అది నటుడికి వినపడి తీరాలి, మొదటి వరుసకు వినపడకూడదు. కంపెనీలో అందరూ ఆయన్ని 'గుసగుస గారు' అనేవారు. ఎంతటి మహారాజు వేషమైనా నడుమ ఎక్కడో చూపు తెర పక్కకు జారిందంటే, అది గుసగుస గారి దయ కోసమే. ఒక్క అమ్మమ్మ చూపు మాత్రం ఎన్నడూ జారలేదు. పెద్ద వేషాలన్నీ ఆమెవే. ఎంత పొడుగు పాఠమైనా ఆమెకు మంచినీళ్ల ప్రాయం.

"నాకైతే అందించే పని ఉండదనే నన్ను చేసుకున్నాడు. ఇంట్లోనైనా నోటికి సెలవు దొరుకుతుందని," అని అమ్మమ్మ నవ్వేది.

ఆ సెలవు ఎక్కువ కాలం నిలవలేదు. కంపెనీ మూతపడిన కొన్నేళ్లకు అమ్మమ్మకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ చాలావరకు తిరిగొచ్చాయి గాని మాట రాలేదు. గ్లాసు చూస్తే గ్లాసని తెలుసు. దాని పేరు మాత్రం నాలుక చివరిదాకా వచ్చి అక్కడే కూలబడేది.

మాటలు తిరిగి నేర్పే థెరపిస్టు వచ్చి చూసి, అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "ఆవిడ మాట వెతుక్కుంటున్నప్పుడు ఎవరూ అందించొద్దు. ఎంతసేపైనా ఆగండి. వెతుక్కుంటేనే దారి పడుతుంది."

అన్ని విద్యలూ వచ్చిన తాతయ్యకు ఆగడం ఒక్కటే రాదు. అమ్మమ్మ "గ్" అనేసరికి ఈయన "గ్లాసు" అనేసేవాడు. ఆమె "కి" అంటే ఈయన లేచి వెళ్లి కిటికీ తెరిచి వచ్చేవాడు. కొన్నాళ్లకు ఆమె ఆ "గ్" అనడం కూడా మానేసింది. ఊరికే ఆయన వైపు చూసేది, ఆయన చెప్పేసేవాడు. స్టేజీ మీద ఎన్నడూ జారని చూపు ఇంట్లో మాటిమాటికీ జారింది.

"నాన్నా, నువ్వు నోరు మూస్తేనే అమ్మ నోరు తెరుస్తుంది," అంది కూతురు.

"నేనేం చేశానే?"

"ఆవిడ దాహం కూడా నువ్వే చెప్పేస్తున్నావు."

"దాహమేసిన మనిషిని నిలబెట్టి పరీక్ష పెట్టమంటావా?" అన్నాడు తాతయ్య.

ఇంట్లో అమ్మమ్మ చూపు ఆయన వైపు తిరగని సమయం ఒక్కటే. మనవరాలు ఫోన్లో గేమ్ ఆడుతుంటే భుజం మీంచి వంగి దాన్నే చూసేది. తాతయ్య అది కనిపెట్టాడు.

"పేరు చెబితేనే తలుపు తెరుచుకునేలా, ఇలాంటిది మనం చెయ్యగలమా?" అని అడిగాడు.

"చెయ్యొచ్చు. యూనివర్సిటీలో గేమ్ డిజైన్ అని ఉంది, అది చదవాలి."

"వెళ్లి చదువు మరి."

"నన్ను గేటు కూడా దాటనివ్వరు తాతయ్యా. పది గట్టెక్కలేదుగా."

"మన ఇద్దరిలో గట్టెక్కినవాణ్ని నేనే కదా," అని పాత డిగ్రీ కాగితం దులుపుకుని తాతయ్యే వెళ్లి చేరాడు.

మొదటి రోజు ల్యాబులో చక్రాల కుర్చీ ఆయన్ని వెనక్కి లాక్కెళ్లి గోడకు కొట్టింది. పక్క సీటు కుర్రాడు లాక్కొచ్చి బల్ల ముందు కూర్చోబెట్టి, "తాతా, మౌస్ పట్టుకోమన్నాను గాని దాని గొంతు పిసకమనలేదు," అన్నాడు. నెలలు గడిచేసరికి మౌస్ ఊపిరి పీల్చుకుంది. తాతయ్య చేతికింద ఒక గేమ్ లేచి నిలబడింది. అందులో ఖాళీ స్టేజీ ఉంటుంది. పక్కన చీకట్లో కుర్చీ, గొడుగు, అద్దం, తాళంచెవి నీడల్లా కనపడతాయి. మైకులో దేని పేరు చెబితే అది వెలుతురులోకి నడిచొస్తుంది. ఆడేవాళ్లు కాస్త ఆగారంటే చాలు, పక్కనుంచి తాతయ్య గొంతే మెల్లగా ఆ పేరు అందిస్తుంది.

ఒకరి గేమ్ ఒకరు ఆడి చూసే రోజు వచ్చింది. ఆ కోర్సులో ఒక కట్టుబాటు ఉంది. ఎదుటివాడు ఆడుతున్నంతసేపూ గేమ్ చేసినవాడు వెనక నిలబడి చూడాలే తప్ప నోరు మెదపకూడదు. వాడు ఎక్కడ చిక్కుకుంటాడో అక్కడే నేర్చుకోవాలి.

కుర్రాడు గొడుగు దగ్గర ఆగాడు. గేమ్ లోపలి గొంతు లేవకముందే "గొడుగు నాయనా, గొడుగు," అన్నాడు వెనక నిలబడిన తాతయ్య. లెక్చరర్ ఆయన్ని వరండాలోకి పంపింది. వరండాలోంచి ఆయన అద్దాల కిటికీకి మొహం ఆనించి పెదాలతో "అద్దం" అన్నాడు.

అందరూ వెళ్లాక లెక్చరర్ ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "తాతగారూ, మీ గేమ్‌లో ఆడేవాళ్లకు పని లేదండీ. ఊరుకుంటే చాలు, అన్నీ మీరే చెప్పేస్తున్నారు."

"తడబడ్డప్పుడు అందించకపోతే ఎలా అమ్మా? నలుగురిలో పరువు పోతుంది."

"ఇది ఎవరి కోసం చేశారు?"

"మా ఆవిడ కోసం. ఆమెకు మాట పోయింది."

"ఇంట్లో ఆవిడ ఆగితే ఎవరు అందిస్తున్నారు?"

తాతయ్య మెల్లగా కుర్చీ జరుపుకుని, గేమ్‌లోంచి తన గొంతును ఒక్కో మాటా ఏరి తీసేశాడు.

ఇంట్లో హాల్లో లాప్‌టాప్ పెట్టాడు. కోర్సు పద్ధతి ప్రకారం తెరలో ఒక సగం గేమూ, ఒక సగం ఆడే మనిషి మొహమూ రికార్డవుతాయి. ఆయన వెనకాల పొట్టి స్టూలు మీద కూర్చుని చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు. అమ్మమ్మ గొడుగు చూసి ఆయన వైపు తిరిగింది. ఆయన గోడ వైపు తిరిగాడు. ఆమె మళ్లీ చూసింది. తర్వాత కోపంతో ఏడ్చి మైకు తోసేసింది. ఆ వేళ ఇద్దరూ సరిగ్గా తినలేదు.

ఎన్ని పూటలు అలా గడిచాయో. ఒక మధ్యాహ్నం "గొ... గొడుగు" అంది. గొడుగు వెలుతురులోకి నడిచొచ్చింది. అమ్మమ్మ పకపకా నవ్వింది. తాతయ్య వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి మొహం కడుక్కుని వచ్చాడు. ఆ తర్వాత కుర్చీ వచ్చింది, తాళంచెవి వచ్చింది. ఒక పొద్దున ఎవరూ అడగకుండానే "నీళ్లు" అంది. కూతురు గ్లాసు తెస్తూ తండ్రి వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు.

"నేను ముందే ఊరుకుని ఉంటే ఈపాటికి నాటకాల పాఠాలే అప్పజెప్పేది," అన్నాడు.

గేమ్ చివర తెర పక్కన స్టూలు మీద ఒక మనిషి బొమ్మ ఉంటుంది. దాన్ని పిలిస్తే తెర పడుతుంది. ఆ ఒక్క బొమ్మకు తాతయ్య జవాబు పెట్టలేదు. ఆమె ఏమని పిలిస్తే అదే సరైన మాట. మామూలుగా ఆయన్ని 'ఏవండీ' అనేది, కోపమొస్తే 'గుసగుస గారూ' అనేది. ఇంకా ఏమేం అనేదో ఆ ఇద్దరికే తెలుసు.

ఆ రోజు అమ్మమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. పెదాలు కదిలాయి. వెనక కదలిక వినపడితే, ఆగమన్నట్టు చెయ్యెత్తింది. తనలో తనే నవ్వుకుంది. చివరికి అలసిపోయి "రేపు" అంది. ఆ మాట ఆమెకు ఎవరూ అందించలేదు.

తెల్లారేసరికి పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి మనిషినే వెనక్కివ్వలేదు.

తాతయ్య కోర్సు పాసయ్యాడు. పక్క సీటు కుర్రాడే పట్టా ఇంటికి తెచ్చి టీవీ మీద పెట్టి వెళ్లాడు. అది ఇప్పటికీ చుట్ట విప్పకుండా అక్కడే ఉంది.

మధ్యాహ్నాలు ఆయన ఆ చివరి రికార్డింగే పెట్టుకుని స్టూలు మీద కూర్చుంటాడు. మొన్న మనవరాలు ఈ కథ మొదలు రాసి, సగం మాటలు ఆయనవేనన్న గొప్ప చదివి వినిపిద్దామని పక్కన చేరింది. ఆయన ఇటు తిరగలేదు. తెర మీద అమ్మమ్మ, స్టూలు మీది మనిషి బొమ్మను చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. మనవరాలు ఉండబట్టలేకపోయింది.

"'ఏవండీ' అనబోతోంది తాతయ్యా."

"నోరు ముయ్యవే. ఆవిడ ఇంకా ఆలోచిస్తోంది."