సెక్కూ ప్రమాణం

అట్లాస్ కొండల కింద మా ఊరి పంచాయతీకి ముప్పై ఏళ్లు పెద్దగా ఉన్నాను. వరదకు కొట్టుకుపోయిన కాలవ రెండుసార్లు కట్టించాను. పక్క ఊరితో నీళ్ల తగవు కత్తుల దాకా వస్తే నడుమ నిలబడి ఆపాను. మసీదు బడిలో నాలుగేళ్లే పలక పట్టాను, అయినా నా తీర్పును పట్నం జడ్జి కూడా మార్చలేదు. సెక్కూ విషయంలో ఇచ్చిన తీర్పూ అలాగే నిలిచింది.

సెక్కూ మా నీళ్ల కొలతగాడు. అడుగున సన్న చిల్లున్న రాగిగిన్నెను తొట్టిలో తేలనిస్తాడు. అది నిండి మునిగితే ఒకరి వంతు అయిపోయినట్టు, కాలవ పక్క తోటకు తిప్పుతారు. ఇరవై ఏళ్లు అదే పని. పెళ్లి చేసుకోలేదు.

ఆ ఏడు ఉపవాస మాసం చివరి పది రోజులు మసీదు మూలన ఒంటరిగా కూర్చున్నాడు. నేనూ ఏడుసార్లు అలా కూర్చున్నవాణ్ణే. వాడు మాత్రం తనలోకి చూసుకున్నాడు. పండగ నమాజు కాగానే వచ్చి పంచాయతీ ముందు నిలబడ్డాడు.

"పెద్దయ్యా, ఖర్జూరపు తోట తూడా ఉంది కదా, ఆమె వంతు వచ్చినప్పుడల్లా గిన్నెను వేలితో నొక్కేవాణ్ణి. తొందరగా మునిగేది."

"ఎన్నాళ్ల నుంచిరా?"

"నన్ను కాదని వేరేవాణ్ణి చేసుకున్న కాడినుంచి. మొగుడు పోయాక కూడా ఆపలేదు. నా నీళ్ల వంతు ఆమెకిచ్చెయ్యండి. ఇకనన్నా దొంగమొహం లేకుండా బతుకుతా."

గిన్నె నేరం ఒప్పుకున్నా ఒక్కడి మాట చెల్లదు. అతని వంశంలోని మగవాళ్లు పదిమంది మా ఊరి పుణ్యపురుషుడు వలీ సమాధి మీద చెయ్యి వేసి, అది నిజమేనని తోడు ప్రమాణం చెయ్యాలి. అది మా కట్టుబాటు.

సెక్కూ తన అన్న మూహా దగ్గరికి వెళ్లాడు.

"మా పిల్లలకి సంబంధాలు రావాలా వద్దా? నీ మనసు తేలికపడ్డానికి మా మొహాన పేడ పూసుకోమంటావా?"

"అబద్ధమాడమనట్లేదు కదన్నా."

"నిజమైతే కడుపులో ఉంచుకో. అరక్కపోతే పుదీనా టీ తాగు."

అయినా శుక్రవారం పదిమందీ వచ్చారు. సెక్కూ కళ్లనిండా నీళ్లు పెట్టుకున్నాడు. వాళ్లు సమాధి మీద చెయ్యి వేసి, సెక్కూకి మతి చెడిందని ప్రమాణం చేశారు. మతి చెడినవాడి నీళ్లు అన్నకు పోతాయి. అలాగే తీర్పు చెప్పాను. సెక్కూ నిజం చెప్పాడని నాకు తెలుసు. తూడా ఖర్జూరపు చెట్లు ఎండుతుంటే చూసినవాణ్ణి.

మర్నాడు సెక్కూ ఊట దగ్గర తోలుతిత్తి నింపుకుని ఆమె తోటకు వెళ్లాడు.

"పిచ్చోడివటగా?" అంది తూడా.

"కాదమ్మా."

"తెలుసు. పిచ్చోడివైతే క్షమించేదాన్ని." ఎండి మోడైన చెట్టును చూపించింది. "దాని మొదట్లో పొయ్యి."

"అది చచ్చింది కదా. పక్కవి ఇంకా బతికున్నాయి."

"చంపింది నువ్వేగా. దానికే పొయ్యి."

పోశాడు. రోజూ పోస్తున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూసి, పదిమంది ప్రమాణం అబద్ధం కాలేదంటూ నవ్వుకుంటారు. సెక్కూ ఖాళీ తిత్తి భుజాన వేసుకుని మళ్లీ ఊట దారి పడతాడు.